క్రీడ – జీవిక

ఉద్దేశం

క్రీడలు దేహానికి దారుఢ్యాన్ని, మనసుకు ఉల్లాసాన్ని కలిగిస్తాయనడంలో భిన్నాభిప్రాయం లేదు. అయితే క్రీడనే జీవనోపాధిగా స్వీకరించవచ్చునా అన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దం చాలాకాలం వరకు ఒకే సమాధానం చెప్పలేకపోయింది. ఆ ప్రశ్న ఒక మేటి ఫుట్‌బాల్ క్రీడాకారుని జీవితాన్ని ఏ విధంగా మలుపు తిప్పిందో తెలియజేయడం, నైపుణ్యానికీ జీవికకూ గల సంబంధాన్ని గూర్చి విద్యార్థులను ఆలోచింపజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

1953 అక్టోబరు 21వ తేదీ. లండన్ నగరంలోని వెంబ్లీ క్రీడాప్రాంగణం జనసముద్రాన్ని తలపిస్తున్నది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం స్థాపితమై తొంభై ఏళ్లు నిండిన సందర్భంగా, ఆ దేశపు జట్టుకూ ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఎంపిక చేసిన జట్టుకూ మధ్య పోటీ ఏర్పాటైంది. యుగోస్లావియా, ఆస్ట్రియా, జర్మనీ, ఇటలీ, స్పెయిన్ దేశాలలో పేరుమోసిన ఆటగాళ్లు ఆ ఎంపిక జట్టులో ఉన్నారు. దాడి వరుసకు నడుమ, సెంటర్ ఫార్వర్డ్ స్థానంలో, భారీ దేహంతో నిలిచినవాడు స్వీడన్ దేశీయుడైన గున్నార్ నోర్దాల్. హోరాహోరీగా సాగిన ఆ పోటీ చెరి నాలుగు గోల్స్‌తో సమంగా ముగిసింది.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. పలు దేశాల ఉత్తమ క్రీడాకారులను ఏరి కూర్చిన జట్టులో స్థానం పొందిన నోర్దాల్‌కు ఆనాటికి సొంత దేశపు జట్టులో స్థానం లేదు. అయిదేళ్లుగా ఆయన స్వీడన్ జట్టు పసుపుపచ్చ చొక్కా తొడగలేదు. గాయపడ్డాడా అంటే లేదు. ఆటలో పదును తగ్గిందా అంటే అదీ కాదు. దేశానికి ద్రోహం తలపెట్టాడా అంటే అంతకన్నా కాదు. ఆయన చేసిందల్లా ఆటను జీవికగా ఎంచుకోవడమే. అది ఎందుకు తప్పయిందో తెలుసుకోవాలంటే ఆయన జీవితాన్ని మొదటినుంచి పరిశీలించాలి.

అయిదుగురు అన్నదమ్ములు

స్వీడన్ దేశానికి ఉత్తర భాగంలో హోర్నెఫోర్స్ అనే చిన్న ఊరు ఉంది. చుట్టూ అడవులు. ఆ అడవుల కలపతో కాగితపు గుజ్జు తయారుచేసే మిల్లు ఆ ఊరి జనానికి ఆధారం. శీతకాలంలో అక్కడ పగటి వెలుగు కొద్ది గంటలు మాత్రమే ఉంటుంది. నేల మంచుతో కప్పబడి ఉంటుంది. అటువంటి చోట 1921 అక్టోబరు 19న గున్నార్ నోర్దాల్ జన్మించాడు. బెర్తిల్, క్నూత్, గున్నార్, గోస్త, గోరాన్ అనే అయిదుగురు అన్నదమ్ములూ ఫుట్‌బాల్ ఆటలో ఆరితేరి, దేశపు అత్యున్నత లీగు అయిన ఆల్‌స్వెన్స్కాన్‌లో ఆడారు. ఒకే ఇంట పుట్టిన అయిదుగురు ఒకే విద్యలో రాణించడం చూస్తే మనకు పంచపాండవులు గుర్తుకు రాక మానరు. వారిలో బలానికి ప్రతీకగా నిలిచినవాడు గున్నార్.

సొంత ఊరి జట్టులో ఆట మొదలుపెట్టిన గున్నార్, 1940లో ఇనుప పరిశ్రమకు పేరొందిన దేగెర్‌ఫోర్స్ పట్టణపు జట్టులో చేరాడు. ఆ నాలుగేళ్లలో 77 లీగు పోటీలలో 56 గోల్స్ చేశాడు. అది రెండవ ప్రపంచ యుద్ధకాలం. స్వీడన్ తటస్థ దేశం కావడం వల్ల అక్కడి లీగు పోటీలు ఆగలేదు. కాని అంతర్జాతీయ పోటీలు బహు స్వల్పం. అందువల్ల నోర్దాల్ ప్రతిభ చాలాకాలం స్వదేశం దాటి బయటి ప్రపంచానికి తెలియలేదు.

1944లో ఆయన నోర్‌షోపింగ్ నగర జట్టులో చేరాడు. ఆ జట్టు శిక్షకుడు హంగరీ దేశీయుడైన లాయోష్ చేజ్లెర్. అదే ఏడాది లాండ్స్‌క్రూనా జట్టుతో జరిగిన పోటీలో నోర్‌షోపింగ్ 9–1తో గెలిచింది. ఆ తొమ్మిదింటిలో ఏడు గోల్స్ నోర్దాల్ ఒక్కడే చేశాడు. 1945 నుండి 1948 వరకు వరుసగా నాలుగుసార్లు నోర్‌షోపింగ్ లీగు విజేతగా నిలిచింది. ఆ నగరం కోసం నోర్దాల్ ఆడిన పోటీలు 95. చేసిన గోల్స్ 93. మొత్తంమీద స్వీడన్ లీగులో ఆయన 172 పోటీలలో 149 గోల్స్ సాధించాడు. 1947లో ఆ దేశపు ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారునికి ఇచ్చే ‘బంగారు బంతి’ పురస్కారం ఆయనను వరించింది.

ఇంతటి ఆటగాడు రోజూ చేసే పని ఏమిటి? నోర్‌షోపింగ్ నగర అగ్నిమాపక శాఖలో ఉద్యోగం. వారాంతంలో వేలాది ప్రేక్షకుల జయధ్వానాల నడుమ గోల్స్ చేసిన వ్యక్తి, తరువాతి రోజు మంటలార్పే విధికి హాజరు కావలసిందే. ఎందుకంటే ఆనాటి స్వీడన్‌లో ఫుట్‌బాల్ ఆడినందుకు జీతం పుచ్చుకోవడం నియమాలకు విరుద్ధం. నోర్దాల్ ఔత్సాహిక క్రీడాకారుడు. ఆట ఆయనకు వేడుక మాత్రమే కావాలి, వృత్తి కాకూడదు.

ఔత్సాహికత అనే నియమం

ఈ నియమం మూలాలు పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఉన్నాయి. ఆటను ఆట కోసమే ఆడాలి. డబ్బు ప్రవేశిస్తే నిజాయితీ నశిస్తుంది. గెలుపుకోసం ఎంతకైనా తెగించే పరిస్థితి ఏర్పడుతుంది అని అక్కడి సంపన్న వర్గాలవారు భావించారు. ఈ భావనలో కొంత ఔన్నత్యం లేకపోలేదు. జూదం, లంచం ఆటలను ఎంతగా చెడగొట్టగలవో చరిత్ర ఎన్నోసార్లు నిరూపించింది. కాని ఈ ఆదర్శానికి మరో ముఖం ఉంది. ఆస్తిపాస్తులున్నవాడు జీతం లేకుండా ఎన్ని రోజులైనా ఆడగలడు. గనిలోనో మిల్లులోనో పనిచేసే కూలివాడు ఒక్కరోజు ఆటకు వెళితే ఆ రోజు కూలి పోతుంది. ఆ కూలిని భర్తీ చేయడం కూడా నేరమని అంటే, పేదవాడిని మైదానంలోనికి రావద్దని చెప్పినట్లే.

ఫుట్‌బాల్‌ను ఎక్కువగా ఆడినవారు కార్మికులే. అందువల్ల ఇంగ్లండ్ 1885లోనే ఈ ఆటలో జీతం తీసుకొనే వృత్తి క్రీడాకారులను అనుమతించింది. ఇటలీలో 1926 నాటి నియమావళి ఆటగాళ్లకు ధనం చెల్లించడానికి దారి తెరిచింది. స్వీడన్ మాత్రం 1967 వరకు తన లీగులో వృత్తి క్రీడను అంగీకరించలేదు. ఒలింపిక్ క్రీడలు కూడా ఔత్సాహికులకే పరిమితమై ఉండేవి.

ఈ నియమాన్ని ఎంత కఠినంగా అమలు చేసేవారో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 1912లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో జరిగిన ఒలింపిక్స్‌లో అమెరికాకు చెందిన జిమ్ థోర్ప్ రెండు బంగారు పతకాలు సాధించాడు. అంతకుముందు ఆయన కొద్దిపాటి ధనం తీసుకొని బేస్‌బాల్ ఆడినట్లు తెలియడంతో 1913లో ఆ పతకాలను వెనుకకు తీసుకొన్నారు. థోర్ప్ 1953లో మరణించాడు. ఆయన మరణానంతరం చాలా ఏళ్లకు, 1982లో గాని ఒలింపిక్ సంఘం తన నిర్ణయాన్ని మార్చుకోలేదు.

రెండవ ఉదాహరణ స్వీడన్‌కే చెందినది. గుండెర్ హేగ్ అనే పరుగువీరుడు 1945లో మైలు దూరాన్ని 4 నిమిషాల 1.4 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. ఆయన కూడా నోర్దాల్ వలెనే అగ్నిమాపక ఉద్యోగి కావడం విశేషం. పరుగు పందేలలో పాల్గొన్నందుకు ధనం స్వీకరించాడన్న కారణంతో 1946లో ఆయనను, ఆయనకు దీటైన ఆర్నె ఆండర్సన్‌ను జీవితాంతం పోటీలనుండి బహిష్కరించారు. నోర్దాల్ ఉచ్చస్థితిలో ఉన్న రోజులలోనే ఆయన కళ్లెదుట జరిగిన సంఘటన ఇది.

లండన్‌లో బంగారు పతకం

1948 వేసవిలో లండన్‌లో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. స్వీడన్ ఫుట్‌బాల్ జట్టుకు ఇంగ్లండ్ దేశీయుడైన జార్జి రేనర్ శిక్షకుడు. నోర్దాల్ సోదరులు ముగ్గురు – బెర్తిల్, క్నూత్, గున్నార్ – ఆ జట్టులో ఉన్నారు. దాడి వరుసలో గున్నార్ నోర్దాల్‌కు తోడుగా గున్నార్ గ్రెన్, నిల్స్ లీద్‌హోల్మ్ ఆడారు. తరువాతి కాలంలో ఈ ముగ్గురి పేర్లు విడదీయరానివి అయ్యాయి.

ఈ పోటీలతో భారతీయులకూ అనుబంధం ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది మన ఫుట్‌బాల్ జట్టు తొలిసారిగా ఒలింపిక్స్‌లో పాల్గొన్నది. బూట్లు లేకుండా ఉత్త పాదాలతోనే బరిలోకి దిగిన మన ఆటగాళ్లు పలువురు లండన్ ప్రేక్షకులను ఆశ్చర్యపరిచారు. తలిమెరెన్ ఆవ్ నాయకత్వంలోని మన జట్టు ఫ్రాన్స్‌తో పోరాడి 1–2తో ఓడిపోయింది. ఆ పోటీలో రెండు పెనాల్టీ అవకాశాలను మనవారు జారవిడుచుకొన్నారు.

స్వీడన్ తొలి పోటీలో ఆస్ట్రియాను 3–0తోను, తరువాత దక్షిణ కొరియాను 12–0తోను ఓడించింది. సెమీఫైనల్‌లో పొరుగుదేశమైన డెన్మార్క్ ఎదురైంది. ఆ పోటీలో జరిగిన ఒక సంఘటనను ఫుట్‌బాల్ అభిమానులు నేటికీ చెప్పుకొంటారు. స్వీడన్ దాడి సాగుతుండగా నోర్దాల్ తాను ‘ఆఫ్‌సైడ్’ స్థానంలో ఉన్నట్లు గ్రహించాడు. బంతి ముందుకు వచ్చే క్షణంలో దాడి చేసే ఆటగాడు ప్రత్యర్థి రక్షకులను దాటి గోల్ వైపున ముందుగానే నిలిచి, ఆటలో జోక్యం చేసుకొంటే దానిని ఆఫ్‌సైడ్ అంటారు. అప్పుడు గోల్ చెల్లదు. వెనుకకు పరుగెత్తే వ్యవధి లేదు. నోర్దాల్ ఒక్క ఉదుటున గోల్ గీత దాటి వల లోపలికి దూకాడు. మైదానం సరిహద్దు వెలుపల ఉన్నాడు గనుక ఆయన ఆటలో లేనట్లే! అంతలో సహచరుడు హెన్రీ కార్ల్‌సన్ తలతో కొట్టిన బంతి నేరుగా గోల్‌లోకి వచ్చింది. వల లోపల నిలిచిన నోర్దాల్ దానిని రెండు చేతులతో అందుకొన్నాడు. గోల్ చెల్లింది. భారీ దేహం గలవాడికి చురుకైన బుద్ధి ఉండదనుకొనేవారికి ఈ సంఘటన మంచి సమాధానం.

డెన్మార్క్‌పై 4–2తో గెలిచిన స్వీడన్, ఆగస్టు 13న వెంబ్లీలో జరిగిన ఫైనల్‌లో యుగోస్లావియాను 3–1తో ఓడించి బంగారు పతకం గెలుచుకొంది. గ్రెన్ రెండు గోల్స్, నోర్దాల్ ఒక గోల్ చేశారు. మొత్తం పోటీలలో నోర్దాల్ చేసిన గోల్స్ ఏడు. డెన్మార్క్ ఆటగాడు జాన్ హాన్సెన్‌తో కలిసి ఆయన అగ్రస్థానంలో నిలిచాడు.

మిలాన్ పిలుపు

బంగారు పతకం కీర్తిని తెచ్చింది గాని జీవితాన్ని మార్చలేదు. పతక విజేత తిరిగి తన ఉద్యోగానికి వెళ్లాడు. ఇక్కడే ఇటలీ రంగప్రవేశం చేసింది. యుద్ధానంతరం ఆ దేశంలో ఫుట్‌బాల్‌కు అపూర్వమైన ఆదరణ లభించింది. సంపన్నుల అండగల అక్కడి జట్లు విదేశీ ఆటగాళ్లకు పెద్ద మొత్తాలు చెల్లించడానికి సిద్ధపడ్డాయి. జీతం లేని స్వీడన్ ఆటగాళ్లవైపు వారి చూపు మరలడం సహజమే. ఒలింపిక్ ఫైనల్ ముగిసిన కొద్ది నెలలకు, 1949 జనవరిలో, నోర్దాల్ మిలాన్ జట్టులో చేరాడు. స్వీడన్ మంచునుండి ఇటలీ చేరిన ఈ భారీ మనిషికి అక్కడి ప్రేక్షకులు ‘అగ్నిమాపకుడు’ అనే పేరే స్థిరపరిచారు. వదిలివచ్చిన ఉద్యోగం ఆయనకు బిరుదైంది.

ఈ నిర్ణయానికి చెల్లించవలసిన మూల్యం కూడా ఆయనకు తెలుసు. వృత్తి క్రీడాకారులకు జాతీయ జట్టులో చోటు లేదన్నది స్వీడన్ ఫుట్‌బాల్ సంఘపు నియమం. 1942 నుండి 1948 వరకు దేశం తరఫున ఆయన ఆడినవి 33 పోటీలు. చేసిన గోల్స్ 43. అంటే ఆడిన పోటీల కంటె గోల్స్ సంఖ్యే ఎక్కువ. అటువంటి ఆటగాని అంతర్జాతీయ జీవితం ఇరవై ఏడేళ్ల వయసులో, నైపుణ్యం పరిపక్వమవుతున్న సమయంలో ముగిసిపోయింది.

మిలాన్‌లో ఆయన ప్రతాపం మొదటి నుంచే వెల్లడైంది. ఆ సీజన్‌లో మిగిలిన 15 పోటీలలోనే 16 గోల్స్ చేశాడు. 1949 వేసవిలో గ్రెన్, లీద్‌హోల్మ్ కూడా మిలాన్‌కు వచ్చారు. నోర్‌షోపింగ్ శిక్షకుడు చేజ్లెర్ సైతం మిలాన్ శిక్షకుడయ్యాడు. గ్రెన్, నోర్దాల్, లీద్‌హోల్మ్ – ఈ మూడు పేర్ల మొదటి అక్షరాలను కలిపి ఇటలీ అభిమానులు ‘గ్రె–నో–లీ’ అనే కొత్త పదాన్ని కల్పించారు. గ్రెన్ ఆట తీరును చూసి ‘ఆచార్యుడు’ అని పిలిచారు. ఆయన ఆలోచన, లీద్‌హోల్మ్ కొలిచినట్లు అందించే బంతి, నోర్దాల్ తుది ప్రహారం కలిసి ఒక త్రివేణీ సంగమమైంది. 1949–50లో మిలాన్ చేసిన లీగు గోల్స్ 118. అందులో 35 నోర్దాల్‌వి. 1950 ఫిబ్రవరి 5న యువెంటస్ జట్టును దాని సొంత నగరమైన టూరిన్‌లోనే 7–1తో ఓడించిన పోటీలో నోర్దాల్ మూడు గోల్స్ చేశాడు. ఒకే సీజన్‌లో 35 గోల్స్ అనే ఆయన ఘనతను 2015–16లో నాపొలి జట్టుకు ఆడిన గొంజాలో హిగ్వాయిన్ 36 గోల్స్‌తో దాటేవరకు ఎవరూ అధిగమించలేకపోయారు.

1951లో మిలాన్ ఇటలీ లీగు విజేత అయింది. 1907 తరువాత, అంటే 44 ఏళ్లకు ఆ జట్టుకు దక్కిన తొలి విజయమది. 1955లో మరొకసారి విజేత అయింది. లీగులో అత్యధిక గోల్స్ చేసిన ఆటగానిగా నోర్దాల్ అయిదుసార్లు నిలిచాడు. 1956 వరకు మిలాన్‌కు ఆయన సాధించిన లీగు గోల్స్ 210. ఇతర పోటీలతో కలిపి 221. ఆ జట్టు చరిత్రలో నేటికీ అదే అత్యధికం. ఆ తరువాత రోమా జట్టుకు రెండు సీజన్లు ఆడి మరో 15 గోల్స్ చేశాడు. ఇటలీ అగ్రశ్రేణి లీగులో ఆయన మొత్తం గోల్స్ 225. విదేశీ ఆటగాళ్లలో ఇంతవరకు ఆయనను మించినవారు లేరు.

ఎవరికి లాభం? ఎవరికి నష్టం?

నోర్దాల్ ఇటలీలో వెలుగుతున్న రోజులలో స్వీడన్ జట్టు ఏమైంది? 1950లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచకప్‌కు రేనర్ కేవలం ఔత్సాహికులతో కూడిన జట్టును తీసుకొని వెళ్లాడు. ఆ జట్టు అప్పటి ప్రపంచ విజేత ఇటలీని 3–2తో ఓడించి, చివరకు మూడవ స్థానం సాధించింది. నియమాన్ని సమర్థించేవారికి ఇది గొప్ప ఊరట. గ్రె–నో–లీ లేకపోయినా గెలవగలమని వారు చెప్పుకొని ఉండవచ్చు. కాని ఆ విజయమే మరో నష్టానికి దారితీసింది. ఆ పోటీలలో రాణించిన లెన్నార్ట్ స్కోగ్లుండ్, హాస్సె యెప్సన్ వంటివారిని ఇటలీ జట్లు వెంటనే ఆకర్షించాయి. గింజ పండిన ప్రతి ఏడూ పక్షులు వచ్చి వాలినట్లు, స్వీడన్‌లో ఆటగాడు ఎదిగిన ప్రతిసారీ విదేశం వచ్చి ఎగరేసుకొనిపోయింది. పోయినవాడికి దేశపు జట్టు తలుపులు మూసుకొనేవి. 1952 ఒలింపిక్స్‌లో కంచు పతకం వచ్చినా, 1954 ప్రపంచకప్‌కు స్వీడన్ అర్హతే పొందలేకపోయింది.

1958లో ప్రపంచకప్ పోటీలకు స్వీడనే ఆతిథ్యమిచ్చింది. సొంతగడ్డమీద పరువు దక్కాలంటే ఉత్తములందరూ కావాలి. అంతకాలం వద్దన్న వృత్తి క్రీడాకారులను సంఘం ఎట్టకేలకు ఆహ్వానించింది. మిలాన్‌నుండి లీద్‌హోల్మ్ వచ్చి జట్టుకు నాయకుడయ్యాడు. స్కోగ్లుండ్, కుర్త్ హామ్రిన్ ఇటలీనుండి వచ్చారు. అప్పటికే స్వదేశం తిరిగివచ్చిన గ్రెన్ 37 ఏళ్ల వయసులో మళ్లీ జాతీయ జట్టు చొక్కా తొడిగాడు. ఆ జట్టు ఫైనల్ వరకు దూసుకొనిపోయింది. జూన్ 29న జరిగిన తుదిపోరులో నాలుగవ నిమిషంలోనే లీద్‌హోల్మ్ గోల్ చేశాడు. చివరకు పదిహేడేళ్ల పేలే ఆడిన బ్రెజిల్ 5–2తో గెలిచినప్పటికీ, ప్రపంచకప్‌లో రెండవ స్థానం స్వీడన్ చరిత్రలో నేటికీ అత్యున్నత ఫలితం.

గ్రె–నో–లీ అనే మాటలో మొదటి అక్షరమూ చివరి అక్షరమూ ఆనాడు మైదానంలో ఉన్నాయి. నడిమి అక్షరం లేదు. అప్పటికి నోర్దాల్ వయసు ముప్పై ఆరు. క్రీడాజీవితం చివరి దశకు చేరింది. తలుపులు తెరిచారు గాని, ఆయన విషయంలో ఆలస్యంగా తెరిచారు. నోర్దాల్ ఒక్క ప్రపంచకప్ పోటీలోనూ ఆడలేదు.

తరువాత ఆయన స్వీడన్‌లో పలు జట్లకు శిక్షకునిగా పనిచేశాడు. ఆయన కుమారుడు తోమస్ నోర్దాల్ కూడా ఫుట్‌బాల్ ఆటగాడే. బెల్జియంలోని ఆండర్‌లెహ్ట్ జట్టులో వృత్తి క్రీడాకారునిగా ఉంటూనే 1970 ప్రపంచకప్‌కు స్వీడన్ జట్టులో ఎంపికయ్యాడు. తండ్రికి తప్పయినది కుమారుని నాటికి సామాన్య విషయమైంది. గున్నార్ నోర్దాల్ 1995 సెప్టెంబరు 15న ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపంలోని అల్గేరో పట్టణంలో మరణించాడు. జన్మనిచ్చిన దేశం ఒకటి, జీవికనిచ్చిన దేశం మరొకటి. రెండూ ఆయనను తమవాడిగానే తలచుకొంటాయి.

ముగింపు

క్రీడాకారునికి జీవిక ఎలా కల్పించాలన్న సమస్య స్వీడన్‌కే పరిమితం కాదు. ప్రతి సమాజమూ దానికి తన పద్ధతిలో పరిష్కారం వెదికింది. మన హైదరాబాదులో దానికి పోలీసు శాఖ ఆశ్రయమిచ్చింది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకొంది. ఉద్యోగం అన్నం పెట్టింది; ఆట పేరు తెచ్చింది. నోర్‌షోపింగ్‌లో అగ్నిమాపక శాఖ నోర్దాల్‌కు చేసింది ఇటువంటి మేలే. అయితే ఉద్యోగం ఇచ్చి ఆడించడం ధర్మమని, ఆటకే జీతమివ్వడం అధర్మమని విభజించడంలోని బలహీనతను కాలం బయటపెట్టింది. 1984 నుండి ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో కూడా వృత్తి క్రీడాకారులకు ప్రవేశం లభించింది.

ఔత్సాహికతను కోరినవారి ఉద్దేశం చెడ్డది కాదు. ధనం ఆటను శాసించకూడదన్న వారి భయం నేటి క్రీడారంగాన్ని చూస్తే నిరాధారమనిపించదు. కాని ఆటలోని నిజాయితీ ఆటగాని జేబు ఖాళీగా ఉండడంపై ఆధారపడదు. అది అతని శీలంపై ఆధారపడుతుంది. పాడేవాడు, బొమ్మ గీసేవాడు, పాఠం చెప్పేవాడు తన విద్యకు ప్రతిఫలం పొందితే ఆ విద్య మలినం కానట్లే, ఆడేవాని ఆట కూడా మలినం కాదు. దేశభక్తిని జీతపు చీటీతో కొలిచిన నియమం వల్ల ఒక క్రీడాకారుడు తన దేశపు చొక్కాను కోల్పోయాడు. ఒక దేశం తన గొప్ప క్రీడాకారులలో ఒకరిని కోల్పోయింది. నియమం కాపాడదలచినది ఆటను. కాని నష్టపోయినదీ ఆటే.

అర్థాలు

జీవిక = బ్రతుకుదెరువు
దారుఢ్యం = గట్టిదనం
విడ్డూరం = వింత
ఔత్సాహికుడు = ప్రతిఫలం ఆశించక ఇష్టంతో చేసేవాడు
తటస్థ = ఏ పక్షమూ వహించని
వరించు = కోరి చేరు
జయధ్వానం = గెలుపు కేక
ఉచ్చస్థితి = ఉన్నతమైన దశ
ప్రహారం = దెబ్బ
మూల్యం = వెల
మలినం = మురికి పట్టినది

వ్యాకరణాంశాలు

సంధులు:
జీవనోపాధి = జీవన + ఉపాధి – గుణసంధి
మరణానంతరం = మరణ + అనంతరం – సవర్ణదీర్ఘ సంధి
నాలుగేళ్లు = నాలుగు + ఏళ్లు – ఉత్వ సంధి

సమాసాలు:
అన్నదమ్ములు – అన్నయును, తమ్ముడును – ద్వంద్వ సమాసం
జనసముద్రం – జనమనెడి సముద్రం – రూపక సమాసం
క్రీడాప్రాంగణం – క్రీడల కొరకు ప్రాంగణం – చతుర్థీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

అ. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. వదిలివచ్చిన ఉద్యోగం ఆయనకు బిరుదైంది.
2. నడిమి అక్షరం లేదు.
3. తండ్రికి తప్పయినది కుమారుని నాటికి సామాన్య విషయమైంది.

ఆ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. గున్నార్ నోర్దాల్ క్రీడాజీవితాన్ని వివరించండి.
2. ఔత్సాహిక నియమం వల్ల కలిగిన మేలుకీడులను పాఠ్యభాగం ఆధారంగా చర్చించండి.

ఇ. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. 1948 ఒలింపిక్ సెమీఫైనల్‌లో నోర్దాల్ చూపిన సమయస్ఫూర్తిని తెలపండి.
2. ‘గ్రె–నో–లీ’ అనే పదం ఎలా ఏర్పడింది?
3. 1950, 1958 ప్రపంచకప్ పోటీలలో స్వీడన్ జట్ల మధ్య గల భేదమేమిటి?

ఈ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. నోర్దాల్ జన్మించిన ఊరేది?
2. జిమ్ థోర్ప్ పతకాలను ఎందుకు వెనుకకు తీసుకొన్నారు?
3. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షకుడెవరు?